బేరం కుదిరిన దెబ్బలు

మొదటి వారంలోనే గొర్రెపిల్ల చెవి తెగిపోయింది. బట్టతో కుట్టిన గొర్రెపిల్ల అది. కెన్యా నుంచి వచ్చిన మిషనరీ తన పెట్టెలో కాపరినీ, గొర్రెలనూ, తోడేలునూ మడతపెట్టి తెచ్చుకుంది, చేతికి తొడుక్కుని పిల్లలకు కథ చెప్పడానికి. కథ సగంలో ఉండగా ఇద్దరు మగపిల్లలు గొర్రెపిల్లను చెరోవైపు పట్టి లాగారు. ఒకడి చేతిలో చెవి మిగిలింది. ఆ చెవి ఎవరిదన్న తగువులో ఒక ప్లాస్టిక్ కుర్చీ గాల్లోకి లేచి నా మోకాలికి తగిలింది. ఇంకొకటి గోడకు కొట్టుకుని కాలు విరిగింది. అప్పుడు తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆ ఇద్దరి మధ్యకు దూరి, చెరో చేత్తో చెరొకడి జుట్టు పట్టుకుని, రెండు తలలనూ ఒకదానికొకటి ఢీకొట్టింది. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది.

“అయిపాయె,” అంది ఆ అమ్మాయి, చేతులు దులుపుకుంటూ. “ఇగ చెప్పు ఆంటీ, తోడేలు ఏంజేసింది?”

మా హాలు అశోక్‌నగర్‌లో ఒక ఇరుకు సందులో, మొదటి అంతస్తులో ఉండేది. కింద స్టడీ హాలు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుని పొద్దుటినుంచి అక్కడే కూర్చునేవాళ్లు. వాళ్లకు వండిపెట్టేవాళ్ల పిల్లలు, వాళ్ల హాస్టళ్లు ఊడ్చేవాళ్ల పిల్లలు, వాళ్లకు టీలూ బజ్జీలూ అమ్మేవాళ్ల పిల్లలు మా దగ్గరకు వచ్చేవాళ్లు. పదేళ్లనుంచి పదహారేళ్ల దాకా ముప్పైమంది. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం గంటన్నర. హోంవర్కు, ఒక కథ, ఒక పాట. తల్లిదండ్రులు మా కథల కోసం పంపలేదు. ఆ గంటన్నర పిల్లలు రోడ్డుమీద పడకుండా ఉంటారని పంపారు.

నా పని ఆమె ఇంగ్లీషును తెలుగు చేయడం. చర్చి పెద్దలు నన్ను ఎంచుకున్నది భక్తి చూసి కాదు. మాది నారాయణగూడలో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెల మోత మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఎదుటి మనిషి కళ్లు ఏ గిన్నెమీద రెండుసార్లు ఆగాయో చూసి మాట మొదలుపెట్టడం నాకు ఏడేళ్లకే వచ్చు. హాలు యజమానితో, ఫ్యాన్ల వాడితో, కిందున్న స్టడీ హాలు వాళ్లతో మాట్లాడటానికి నాలాంటి మనిషి ఒకరు కావాలి. నా నోటిని దేవుడు ఇలా వాడుకుంటున్నాడని చర్చిలో అందరూ అనేవాళ్లు. నేనూ కళ్లు దించుకుని ఒప్పుకునేదాన్ని.

మా నాన్న నన్ను జీవితంలో ఒక్కసారే కొట్టాడు. గిరాకీ ముందు ఒక బిందె అసలు ధర చెప్పేశానని. చేతిలో ఉన్న పప్పుగుత్తితో వీపుమీద ఒక్కటి వేశాడు. నిజాన్ని మొదట బయటపెట్టకూడదని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ పాఠాన్ని నలభై నాలుగేళ్లు వచ్చేదాకా చాలా శ్రద్ధగా పాటించాను.

మిషనరీకి యాభై రెండేళ్లు. ఎత్తయిన, బరువైన మనిషి. తన దేశంలో పాతికేళ్లు బడిపంతులమ్మగా చేసింది. వాళ్ల ఊళ్లో గుజరాతీ దుకాణాలు ఉండేవట, వాటిని వాళ్ల భాషలో ‘దుకా’ అంటారట. “నీలాంటివాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను,” అని నన్ను చూసిన మొదటిరోజే నవ్వింది. నేను పొగడ్త అనుకున్నాను.

ఆమె ఎంత తొందరగా మారేదో చూస్తే నాకు ఆశ్చర్యం వేసేది. గొర్రెపిల్ల చెవి తెగిన మర్నాడే బొమ్మలన్నీ పెట్టెలోకి వెళ్లిపోయాయి, మళ్లీ బయటకు రాలేదు. కింద చదువుకునేవాళ్లు పాటల గోల భరించలేక ఒకరోజు పైకి వచ్చి తలుపు తన్నారు. ఆమె వాళ్లతో వాదించలేదు. ఆ మరుసటి క్లాసు నుంచి పాటలన్నీ చేతులతోనే. ముప్పైమంది పిల్లలు పెదవులు బిగించి, చేతులు ఊపుతూ, పాదం నేలకు తగలకుండా గెంతుతూ దేవుణ్ని స్తుతించేవాళ్లు. కొట్లాటలకు కూడా ఒక చాప పరిచింది. ఎవరికి ఎవరిమీద కోపం ఉన్నా కథకు ముందు ఆ చాపమీదికి రావాలి. గుద్దుకోకూడదు, కొరకకూడదు, పట్టుకుని పడేయొచ్చు. ఆమె తెలుగులో ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా. పదమూడు దగ్గర ఆమెకు ఎప్పుడూ నాలుక మడతపడేది. కింద పడ్డవాడు మాత్రం “జల్ది అను ఆంటీ, నా మెడ!” అని అరిచేవాడు.

తలలు ఢీకొట్టిన ఆ అమ్మాయిని చాపమీద ఓడించినవాళ్లు లేరు. పద్నాలుగేళ్లది. సన్నగా, వైరులా ఉండేది. నియమాలు ఆమెకు సరిపడేవి కావు. ఒకసారి టిఫిన్ డబ్బాతో కొట్టి ఒక అబ్బాయి ముందుపన్ను ఊడగొట్టింది. పన్ను చాపమీద పడితే ఏరి వాడి జేబులోనే వేసింది.

ఒక సోమవారం ఆమె చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద ఎర్రగా, గుండ్రంగా, వరుసగా బొబ్బలు. ముగ్గు చుక్కలంత సమంగా ఉన్నాయి. నాకు వెంటనే తెలిసిపోయింది, ఎందుకంటే ఆ సామాను మేమే అమ్ముతాం. బజ్జీలు నూనెలోంచి తీసే చిల్లుల గంటె అది. కాగిన గంటెను చేతికి నొక్కితేనే అలాంటి గుర్తు పడుతుంది.

వాళ్లమ్మకు చిక్కడపల్లిలో లైబ్రరీకి కాస్త దూరంలో మిర్చిబజ్జీల బండి ఉంది. భర్త వదిలిపోయి అంబర్‌పేట్‌లో ఇంకో కాపురం పెట్టాడు. బండిమీద తల్లీ కూతుళ్లిద్దరే.

మిషనరీ ఆ చేతిని పట్టుకుని చాలాసేపు చూసింది. పిల్లల కోసం ఏదో హెల్ప్‌లైన్ ఉంటుందని ఆమెకు తెలుసు. ఫోన్ తీసింది. నేను ఆపాను. ఫోన్ చేస్తే అమ్మాయిని హోంలో పడేస్తారని, తర్వాత ఏ తల్లీ పిల్లలను పంపదని, మీ వీసా కాగితాలన్నీ తిరగేస్తారని, క్లాసు మూతపడుతుందని గబగబా చెప్పాను. ఆ మాటల్లో భయమూ ఉంది, నామీద నాకున్న నమ్మకమూ ఉంది.

“నేను మాట్లాడతాను. నాకు ఒక్కరోజు ఇవ్వండి,” అన్నాను. ఆమె ఇష్టం లేకుండానే ఫోన్ సంచీలో పెట్టింది.

మర్నాడు నాలుగింటికి బండి దగ్గరకు వెళ్లాను. అప్పుడే నూనె కాగుతోంది, గిరాకీ ఇంకా రాలేదు. తల్లి మిరపకాయలు చీరుతోంది.

“చెల్లె, బిడ్డ చెయ్యి జూసిన,” అన్నాను.

“జూస్తే?”

“కాలిన గంటెతోని కొడ్తరా ఎవలన్న?”

“కలిపిన పిండి మొత్తం మోరీల ఒలకబోసింది. ఇరవైమంది నిలవడి మొత్తుకుంటున్నరు. నువ్వైతే ముద్దు వెట్టుకుంటవా?”

“అసల్ కొట్టుడే వద్దంటున్న.”

ఆమె నవ్వింది. “గట్లెట్ల అయితదక్క? ఇంట్ల తల్లిని నేనే, తండ్రిని నేనే. ఆయన కొట్టాల్సినయి గూడ నేనే కొట్టాలె.”

నేను మొదట చెప్పిన మాట ఎలాగూ నిలవదని నాకు తెలుసు. ఎక్కువ అడిగి కొంచెం దగ్గర దిగడం మా వృత్తి.

“సరే. గంటె మాత్రం వద్దు. నూనె సామానేదీ ముట్టొద్దు. చేత్తోని.”

“సరే తియ్.”

అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది. గెలుస్తున్న ఊపులో ఆగలేదు.

“మొఖం మీద వద్దు.”

“మొఖం మీద ఎన్నడు కొట్టలే. రేపు లగ్గం జెయ్యాలె గద.”

“రోజూ కొట్టుడు వద్దు.”

“రోజూ ఆగం జేస్తది, రోజూ తింటది.”

ఇక్కడ నేను మా నాన్న నేర్పిన పని చేశాను. “అయితే నీ ఇష్టం చెల్లె,” అని చీర సర్దుకుని వెనక్కి తిరిగి నడిచాను. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగో అడుగుకు వెనకనుంచి పిలుపు వచ్చింది.

“ఓ అక్కా, ఆగు జర! గట్ల అలుగుతవేంది? వారంల మూడు దినాలు.”

“ఒకటి.”

“రెండు.”

“ఒకటే. అదీ క్లాసు లేని దినం. శనివారం.”

“శనివారం గిరాకి ఎక్కువుంటది.”

“బండి పెట్టకముందు. పగటీలి.”

ఆమె మిరపకాయ గింజలను బొటనవేలితో గీకి పారేసింది. “ఖాయం,” అంది. మొదటి వాయిలో బజ్జీ ఒకటి కాగితంలో పెట్టి ఇచ్చింది. “తిను. నీ నోరు మస్తు గట్టిదక్క.”

ఆ బజ్జీ తింటూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచాను. వారానికి ఏడు రోజులను ఒక్కరోజుకు దించాను, గంటె పోయింది, ముఖం పోయింది. ఇంతకంటే ఎవరు సాధించగలరు అనుకున్నాను. కారం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంటే అది సంతోషమనే అనుకున్నాను.

“ఒప్పుకుంది,” అన్నాను మిషనరీతో.

“పూర్తిగానా?” అని ఇంగ్లీషులో అడిగింది.

నేను తల ఊపాను. అటూ ఇటూ ఊపే మన ఊపు. అవునో కాదో ఊపినవాళ్లకే తెలియాలి. ఆమె దాన్ని అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. అవునని తీసుకుని నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆమె భుజంమీద మొహం పెట్టి నేను ఇంకొంచెం ఊపాను.

నెలరోజులు గడిచాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో అమ్మాయి చేతులు శుభ్రంగా ఉండేవి. నేను ఆ చేతులను మిషనరీకి కనబడేలా కూర్చోబెట్టేదాన్ని, షోకేసులో సామాను పెట్టినట్టు. అమ్మాయి కొట్లాటలు కూడా తగ్గాయి. ఎవరైనా రెచ్చగొడితే చెయ్యి ఎత్తి, మళ్లీ దించేది.

“ఇయ్యాల బుధవారం రా. బతికిపోయినవ్,” అనేది. “శనివారం రా, నీ సంగతి జూస్త.”

మిగతా పిల్లలు ఆ మాట అందుకున్నారు. ఒకడు ఇంకొకడి పుస్తకం లాక్కుంటే “శనివారం!” అని వేలు చూపించేవాడు. చూపించుకున్నవాడు నాలుక బయటపెట్టి చచ్చినట్టు పడిపోయేవాడు. హాలంతా అదే ఆట. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను.

ఒక శుక్రవారం ఆ అమ్మాయి చాపమీద ఒకణ్ని పడగొట్టింది. మిషనరీ ఇరవై అనగానే వదిలేసి, వాడి చెంపమీద మెల్లగా తట్టి “మిగిలింది శనివారం,” అంది. మిషనరీ ఆమె పక్కన కూర్చుంది. తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో అడిగింది.

“ఎందుకు శనివారం?”

“మా అమ్మ శనివారమే కొడ్తది ఆంటీ. అక్క మాట్లాడింది గద.”

మిషనరీ నా వైపు తిరిగింది. “పిల్లల ఆట,” అన్నాను ఇంగ్లీషులో. “శనివారం వాళ్లకు సెలవు కదా, అందుకని.”

“నాకు వారాల పేర్లు వచ్చు,” అంది ఆమె. “కొట్టడం అన్న మాటా వచ్చు. ఈ హాలులో నేను మొదట నేర్చుకున్నది అదే.”

పిల్లలు వెళ్లిపోయాక మొత్తం చెప్పించింది. ఏది ముందు అడిగాను, ఏది వదిలాను, ఎన్ని అడుగులు నడిచాను. చెబుతున్నప్పుడు కూడా నా గొంతులో కొంత గర్వం ఉండిపోయింది, దాన్ని తీసేయడం నా చేతకాలేదు. ఆమె అరుస్తుందని చూశాను. అరవలేదు. గోడకు ఆనించిన మూడుకాళ్ల కుర్చీని ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టింది.

“నా బొమ్మలు వదిలేశాను. నా పాటల్లో గొంతు వదిలేశాను. నా టైము, నా తిండి, కూర్చునే తీరు అన్నీ మార్చుకున్నాను. ఆ పిల్ల ఒంటిమీద ఒక రోజును వదిలేయమని నీకు ఎవరు చెప్పారు?”

ఫోన్ తీసింది. నేను మళ్లీ ఆపాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆపాను. “రేపు ఇద్దరం వెళ్లి తల్లికి ముఖంమీదే చెప్పి బేరం రద్దు చేద్దాం. ఆమె మాట వినకపోతే అప్పుడు ఫోన్ చేయండి. లేకపోతే నేను మోసం చేశానంటుంది,” అన్నాను. ఆమె ఫోన్ పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆ ఒక్కదానికే ఆమె తనను తాను క్షమించుకోలేదు.

శనివారం పదకొండింటికి కవాడిగూడలో వాళ్లు కిరాయికి ఉండే గదికి వెళ్లాం. పగటీలి అంటే పన్నెండు దాటాక అని నేను లెక్కేసుకున్నాను. ఆ తల్లికి పగటీలి పదకొండింటికే మొదలైంది.

సందు మొదట్లోనే వినిపించింది. అరుపులు కాదు. తడిబట్టను బండకేసి ఉతుకుతున్నట్టు ఒక్కో దెబ్బా ఆగి ఆగి. మధ్యమధ్యలో తల్లి గొంతు.

“సోమారం ఉల్లిగడ్డ మాడగొట్టినందుకు.” దెబ్బ. “మంగళారం ఎదురు మాట్లాడినందుకు.” దెబ్బ. “బుధారం ఆ పోరగాన్ని జూసి నవ్వినందుకు.” దెబ్బ.

వారమంతా దాచిపెట్టుకున్న కోపాన్ని ఆ రోజు ఒక్కొక్కటిగా తీస్తోంది. నేను ఏడు రోజుల దెబ్బలను తగ్గించలేదు. ఒకచోట పోగుచేసి పెట్టాను.

తలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. మిషనరీ భుజంతో ఒకసారి తోసింది. రెండోసారికి గొళ్లెం ఊడి గోడసున్నంతో సహా కిందపడింది. అమ్మాయి గది మధ్యలో నిలబడి ఉంది. జుట్టు దొరకకుండా గట్టిగా ముడేసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుంది. ఎవరూ కట్టలేదు, తనే పెట్టుకుంది. ఎడమచెవిలోంచి సన్నగా నెత్తురు కారి మెడమీదికి, అక్కడినుంచి చొక్కా కాలరులోకి దిగుతోంది.

తల్లి చెయ్యి మళ్లీ లేచింది. మిషనరీ మధ్యకు వెళ్లింది. ఆ దెబ్బ ఆమె దవడమీద పడింది. ఇంకొకటి మెడమీద. మూడోది పడకముందే ఆమె తల్లి మణికట్టు పట్టుకుని, విదిలించుకుంటున్నా వదలకుండా, తన బరువంతా వేసి నేలమీద కూలబడింది. తల్లి కూడా ఆమెతోపాటు కిందికి వచ్చింది. కాళ్లతో తన్నింది, గోళ్లతో గీరింది, చెయ్యి కొరికింది. మిషనరీ తిరిగి కొట్టలేదు. పట్టు మాత్రం వదల్లేదు.

తల్లి నన్ను చూసింది. ఆయాసపడుతూనే అరిచింది.

“ఏందక్కా ఇది? గంటె ముట్టిన్నా? చేత్తోనే గద కొడ్తున్న? శనివారమే గద?”

“చెవినుంచి నెత్తురొస్తున్నది చెల్లె...”

“మొఖం వద్దన్నవ్. చెవి మాట అనలే గద నువ్వు!”

నిజమే. అనలేదు. ఆమె మాట తప్పలేదు. ఆ గదిలో మాట నిలబెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

మిషనరీ నా వైపు చూసి ఇంగ్లీషులో అంది, “ఇప్పుడు నేను చెప్పేది చెప్పు. ఏమీ కలపకు. ఏమీ తగ్గించకు.”

నేను చెప్పాను. తన దేశంలో బడిలో ఒక అబ్బాయి పలక పగలగొడితే ఆమె బెత్తంతో అరచేతిమీద కొట్టింది. ఎన్నిసార్లో గుర్తులేదు. అతని రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. అతను దర్జీ కొడుకు, దర్జీ కాలేకపోయాడు. ఊళ్లో కనబడితే ఇప్పటికీ ఆమెకు నమస్కారం పెడతాడు, ఆ చేత్తోనే.

తల్లి వింది. ఆ తర్వాత మిషనరీ మొహంలోకి చూసి, ఉమ్మినట్టుగా అంది.

“అంటే నువ్వు కొట్టి నేర్చుకున్నవ్. నన్ను కొట్టకుండనే నేర్చుకోమంటున్నవ్.”

అది ఇంగ్లీషులో చెప్పాను. ఏమీ తగ్గించలేదు. మిషనరీ “అవును,” అంది తెలుగులో.

ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. కూతురి తలను తల్లే ఒడిలో పెట్టుకుంది. కొంగుతో చెవి ఒత్తిపట్టింది. కొంగునిండా శనగపిండి వాసన. దారిపొడుగునా “ఏం గాదు బిడ్డ, ఏం గాదు” అంటూనే ఉంది. కొట్టిన చెయ్యే అది, ఎంతో మెత్తగా జుట్టు ముడి విప్పుతోంది. నేను ఆ చేతిని ద్వేషించాలని చూశాను. ఆ శనివారాన్ని ఆ చేతిలో పెట్టింది నేనేనని గుర్తొచ్చి ఆగిపోయాను.

డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసింది. కర్ణభేరి చిరిగిందని చెప్పింది. “ఎట్లా తగిలింది?” అని అడిగింది.

తల్లి నా వైపు చూసింది. నా నాలుకమీద ఒక వాక్యం తయారుగా ఉంది, మెట్లమీద జారిపడిందని. చాలా మంచి వాక్యం. ఎవరికీ నష్టం లేదు. క్లాసు నిలుస్తుంది, తల్లి నిలుస్తుంది, నేనూ నిలుస్తాను. అమ్మాయి కూడా నా వైపే చూస్తోంది. ఆ చూపులో ఆశ లేదు. నేను ఏ ధర చెబుతానో ముందే తెలిసిన గిరాకీ చూపు అది.

“వాళ్లమ్మ కొట్టింది,” అన్నాను. “వారానికి ఒకరోజు కొట్టుకోవచ్చని ఒప్పందం చేసింది నేను.”

డాక్టరు పెన్ను ఆపింది. “మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?”

“ఏమీ కాను,” అన్నాను.

బయట వరండాలో తల్లి నా జుట్టు పట్టుకుంది. తలను గోడకేసి కొట్టింది, ఒకసారి కాదు. “నమ్మి నీతోని మాట్లాడిన! నీకు బజ్జీ వెట్టిన!” అంటూ. ఇద్దరు నర్సులు వచ్చి విడదీశారు. నా పెదవి పగిలింది. మిషనరీ ఈసారి మధ్యకు రాలేదు. వచ్చే తొందరలో ఉన్నట్టు కూడా కనిపించలేదు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. పిల్లల సంగతి చూసే ఆఫీసునుంచి ఇద్దరు వచ్చారు. అమ్మాయిని నాలుగు నెలలు అమ్మమ్మ దగ్గర ఉంచమన్నారు. తల్లిని పిలిచి ఇక కొట్టనని రాయించుకున్నారు. మమ్మల్నీ అడిగారు. మిషనరీ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ హాలు యజమాని పోలీసులూ ఆఫీసులూ వచ్చే గొడవ తనకు వద్దని ఖాళీ చేయించాడు. నేను ఫోన్ చేయొద్దని ఏ క్లాసు కాపాడటానికి అన్నానో ఆ క్లాసు మూతపడింది.

చర్చి పెద్దలు ఇంకో హాలు వెతకమన్నారు. నేను దోమలగూడలో రెండు చూశాను, అలవాటు ప్రకారం రెండింటిలోనూ తప్పులు పట్టాను. మిషనరీ చూడటానికి రాలేదు. ఆమె సాయంత్రం నాలుగింటికి బజ్జీల బండి దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. పిండి ఒలికేదీ, గిరాకీ మొత్తుకునేదీ, చెయ్యి లేచేదీ నాలుగు నుంచి ఆరు మధ్య అని ఆమె గమనించింది. మా క్లాసు టైమూ దాదాపు అదే.

మొదటిరోజు తల్లి ఆమె కాళ్లమీద మిరపకాయలు కడిగిన నీళ్లు గుమ్మరించింది. మూడోరోజు నూనె గంటె ఎత్తి “దగ్గరికొస్తే మొఖం కాలుస్త” అంది. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి అక్కడే నిలబడింది. రోజూ రెండు గంటలు. చదువుకునే కుర్రాళ్లు ఆమె ఫొటోలు తీశారు, రంగుమీద జోకులు వేశారు. తొమ్మిదోరోజో పదోరోజో మరీ రద్దీగా ఉన్నప్పుడు ఆమె అడక్కుండానే కత్తి తీసుకుని మిరపకాయలు చీరడం మొదలుపెట్టింది. తల్లి చూసింది.

“గింజలు తియ్యకుంటె మందికి మంట వుడ్తది. గట్ల కాదు, ఇటియ్యి,” అంది.

కూతురు ఇంట్లో లేని ఆ నాలుగు నెలలూ ఆమె అక్కడ చేసిన పని అదే. “మిషనరీ పని అంటే మిరపకాయలు కోయడమా?” అని ఒక చర్చి పెద్ద నన్ను అడిగాడు. సమర్థించడానికి నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. మెల్లగా మా పాత పిల్లలు బండి వెనక మూసి ఉన్న దుకాణం మెట్లమీదికి చేరారు. ఆమె చేతులకు కారం ఉండటంతో పుస్తకం పట్టుకోలేక, కథలు చెబుతూనే కోసేది. నేను తెలుగు చేసేదాన్ని, బండికి కాస్త దూరంగా నిలబడి. తల్లి నన్ను బండి దగ్గరికి రానిచ్చేది కాదు.

వర్షాకాలం అయిపోతుండగా అమ్మాయి తిరిగి వచ్చింది. వచ్చిన వారంలోనే, ఇరవైమంది నిలబడి ఉన్న సమయంలో, తరిగిన ఉల్లిపాయల పళ్లెం ఆమె మోచేయి తగిలి పక్కనున్న మురుగు మోరీలో పడింది. తల్లి చెయ్యి లేచింది. మెట్లమీద పిల్లలందరూ ఒక్కసారిగా చూపు తిప్పారు. మిషనరీ కత్తి కింద పెట్టింది, కదల్లేదు. గాల్లో ఉన్న చెయ్యి దిగింది. కూతురి భుజంమీద పడి, గట్టిగా ముందుకు నెట్టింది.

“నడువ్. వేరే ఉల్లిగడ్డ కొయ్యి.”

అమ్మాయి తూలి బండి చక్రాన్ని పట్టుకుని నిలబడింది. నెట్టడమే కదా, కొట్టడం కాదు కదా అని నా మనసు అప్పుడే కొలవడం మొదలుపెట్టింది. నోరు కూడా తెరిచాను.

“అదీ వద్దు,” అంది మిషనరీ తెలుగులో, నాకంటే ముందు.

తల్లి నడుంమీద చెయ్యి పెట్టుకుని గిరాకీ వైపు తిరిగింది. “జూసిన్రా అన్నా! ఈమె జర గూడ దిగదు. నెట్టుడు గూడ వద్దట! ఇగ నేనెట్ల బతకాలె?” గిరాకీ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాయి తీసింది, ఇంకో వాయి వేసింది. ఆరింటిదాకా ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. మర్నాడు లేచింది, గంటెతో సహా. గంటెను నూనె మూకుడు అంచుమీద కొట్టి దించేసింది. ఆ తర్వాతి రోజు ఏమవుతుందో ఎవరం చెప్పలేం. అందుకే మిషనరీ ఇప్పటికీ నాలుగింటికి వెళుతుంది.

అమ్మాయి చెవి పూర్తిగా బాగుపడలేదు. ఎడమవైపునుంచి మాట్లాడితే వినపడదు. అందరితో మాట్లాడేటప్పుడు తల తిప్పి కుడిచెవి ఇస్తుంది. నేను పలకరిస్తే మాత్రం కుడివైపు ఉన్నా సరే మెల్లగా తిరిగి ఎడమచెవి ఇస్తుంది. మొదట్లో నేను అటు తిరిగేదాన్ని. ఆమె మళ్లీ ఇటు తిరిగేది. మిర్చిబజ్జీలకు వచ్చినవాళ్లు మా ఇద్దరినీ వింతగా చూసేవాళ్లు.

ఇప్పుడు తిరగడం మానేశాను. తరిగే చేతులు చాలనప్పుడు తల్లి నన్నూ బండి దగ్గరికి రానిస్తోంది. ఆ చెవి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతాను.